సమస్య: "రాత్రి మరల చచ్చె రావణుండు"

నిర్వాహకుడు: 2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదట్లో, దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మళ్ళీ మొదలైంది కదా. ఆ రోజుల్లో నోటికొచ్చిన పాదమిది. మొన్న పాత డైరీలో కనబడింది. దీన్నే చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ రాసి ఆటవెలది పూరించండి. పోయినసారిలా పార్టీల గొడవ మాత్రం వద్దు.

మాంబళం మాస్టారు:
నాడు టీవిముందు నలుబదిమందిమి
యాదివారమందు హారతిచ్చి
చచ్చె నంటి మపుడు, జగమింట కూర్చుండ
రాత్రి మరల చచ్చె రావణుండు

1987లో మా వెస్ట్ మాంబళం ఇంట్లో సాలిడేర్ టీవీ, చెక్క తలుపుల పెట్టెలో. నాయనమ్మకి హిందీ ముక్క రాదు. అయినా తొమ్మిదిన్నరకల్లా కర్పూరం వెలిగించేది. ఎడమ తలుపు మీద ఆ మసి ఇంకా ఉంది.

అంబత్తూరు అక్కయ్య: పద్యం కన్నా మసి బాగుంది మాస్టారూ. "నాడు" అనేశాక మళ్ళీ "అపుడు" ఎందుకండీ? గణం నిండక పెట్టిన ఊతకర్ర. "చచ్చె నంటి మెల్ల" అంటే పోయేది.

మాంబళం మాస్టారు: సరే, దిద్దుకుంటాను. ముందు మీ పూరణ రానివ్వండి.

పెరంబూరు కుర్రాడు:
పాత బొమ్మ నేడు పగలు రేయియు వేసి
దూరదర్శనులో దుమ్ము దులిపి
తెల్లవార గట్టె తీరాన వారధి
రాత్రి మరల చచ్చె రావణుండు

నిర్వాహకుడు: ఉదయం 9కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి వేసేవారు. దాన్ని బాగా పట్టావు.

మాంబళం మాస్టారు: వారధికీ వధకీ మధ్య కుంభకర్ణుణ్ణి లేపొద్దూ? అది పోనీ. రెండో పాదంలో "నులో" లగం నాయనా, లఘువు తర్వాత గురువు, ఇక్కడ కుదరదు! "దర్శనమున" అను.

పెరంబూరు కుర్రాడు: అయ్యో, "లో"ని తేల్చి చదివేశాను గురువుగారూ. మార్చుకున్నాను.

అంబత్తూరు అక్కయ్య:
బాణ మేయు వేళ పవరుపోయె నపుడు
బ్రతికె నసురు డనుచు భయముతోడ
ముప్పదేండ్లు గడువ, మొన్ననే పవరది
రాత్రి మరల, చచ్చె రావణుండు

మాంబళం మాస్టారు: మొదటిసారి చావు చూడనివాళ్ళకి "మరల" ఎలా కుదిరిందమ్మా? పైగా 1988 నుంచి 2020కి ముప్పైరెండేళ్ళు.

అంబత్తూరు అక్కయ్య: "మళ్ళీ" కాదండీ, "మరలగా". పోయిన కరెంటు తిరిగి రాగా. కామా చూడలేదా? మిగిలిన రెండేళ్ళూ మీ ఖాతాలో వేసుకోండి.

నిర్వాహకుడు: ఓహో! పాదం రాసినవాణ్ణి, నాకే తట్టలేదు.

మాంబళం మాస్టారు: సాయంత్రానికి ఆవులు మరలుతాయి. కరెంటు మరలడం ఎక్కడా వినలేదు. అయినా మీకు అంబత్తూరు పూరణ ఎప్పుడు నచ్చలేదు గనక? పోయినసారి "సీత రావణులకు చెలిమి కుదిరె" అనిస్తే ఈవిడ 1991 లోక్‌సభని పట్టుకొచ్చారు. సీత వేసిన దీపికా చిఖలియా వడోదర నుంచి, రావణుడు వేసిన అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి గెలిచారట, ఇద్దరిదీ భాజపాయేనట. అది పూరణా, క్విజ్జా?

అంబత్తూరు అక్కయ్య: ఆ రోజు ముందు చప్పట్లు కొట్టింది మీరే.

మాంబళం మాస్టారు: యతికి కొట్టాను, పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జోడీకి. సీకారానికి చెకారం చక్కగా పడింది.

అంబత్తూరు అక్కయ్య: ఆ పాదం నిర్వాహకులదండీ. నేను రాసింది పై మూడే.

పెరంబూరు కుర్రాడు: అక్కయ్యా, మా వీధిలో ఇప్పుడే కరెంటు పోయింది, ఫోన్‌లో చార్జి లేదు. మరలాక చదువుతాను.