స్లైడు నిండా ముళ్ల కణాలే, ఏం రిపోర్టు ఇవ్వాలి?

రాజాం ల్యాబ్:
పొద్దున పదింటి నుంచి మైక్రోస్కోప్ దగ్గరే ఉన్నాను, మెడ పట్టేసింది. మూడుసార్లు స్మియర్ (గాజు స్లైడు మీద పల్చటి రక్తపు పూత) వేశాను. ఎర్రకణాల్లో గుండ్రంగా ఉన్నది వెతికినా దొరకట్లేదు. అన్నీ పల్లేరు కాయల్లా ముళ్లు లేచి ఉన్నాయి, మరీ చిన్నగా కూడా ఉన్నాయి. మెషిన్‌లో పెడితే ప్లేట్‌లెట్లు నమ్మలేనంత ఎక్కువ, ఎర్రకణాలు నమ్మలేనంత తక్కువ. ఐరన్ లోపమా, లివర్ జబ్బా? రక్తం తెచ్చినవాళ్లు బయటే కూర్చున్నారు. టెన్షన్‌గా ఉంది, ఈ పశువైద్య గ్రూపులో ఎవరైనా చెప్పండి.

గజపతినగరం పశువైద్యుడు:
ఏ జంతువు? వయసెంత? రక్తం ఎప్పుడు తీశారు?

బొబ్బిలి జీవాల పెంపకం:
రక్తం తగ్గిందంటే ముందు నట్టల మందు ఎప్పుడు తాగించారో అడగండి బాబూ. జీవాల్లో, అంటే గొర్రెలు, మేకల్లో, హీమాంకస్ అనే కడుపు పురుగు ఉంటుంది. ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే, చిన్న పిల్ల ఎలా తట్టుకుంటుంది? మైక్రోస్కోప్ కంటే ముందు కింది కనురెప్ప తిప్పి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లకాగితంలా ఉన్నా, దవడ కింద నీరు దిగినా ఆలస్యం చేయకూడదు. పోయిన వానాకాలం నావి రెండు పిల్లలు చచ్చిపోయాయి. రెప్ప చూసి ఉంటే దక్కేవి. అప్పటి నుంచి వారానికోసారి మందలో ప్రతి జీవాన్నీ పట్టి రెప్ప చూస్తున్నాను.

రాజాం ల్యాబ్:
మేకపిల్ల అండీ, రాశాననే అనుకున్నా. రెండున్నర నెలలది. మాది మనుషుల ల్యాబే, పక్కవీధి వాళ్లు బతిమాలితే కాదనలేకపోయాను. రక్తం నిన్న రాత్రి ఎవరో తీసి ఇచ్చారట.

గజపతినగరం పశువైద్యుడు:
ఆ మెషిన్ రిపోర్టు ఇవ్వకండి. మనిషి ఎర్రకణం 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటుతుంది, మేకది సుమారు 3 మాత్రమే. మేక కణం చిన్నగా ఉండటం ఐరన్ లోపం కాదు, దాని తీరే అంత. మనుషులకు సెట్ చేసిన మెషిన్ ఆ చిన్న కణాల్ని ప్లేట్‌లెట్ల కింద లెక్కేస్తుంది. పైగా మూడు నెలల లోపు మేకపిల్లల్లో వంకరటింకర కణాలు ఏ రోగం లేకున్నా కనిపిస్తాయి.

గరివిడి వెటర్నరీ విద్యార్థి:
సార్, పల్లేరు కాయలా అన్నారంటే అది అకాంతోసైట్ కదా? అప్పుడు లివర్ సంగతి చూడాలి.

గజపతినగరం పశువైద్యుడు:
చూసిన కణమేదో తేలనిదే పేరు పెట్టకూడదు. పల్లేరు కాయకు ముళ్లు కొన్నే, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అకాంతోసైట్ అలాగే ఉంటుంది. ఉమ్మెత్త కాయకైతే చుట్టూ సమానంగా పొట్టి ముళ్లు. అది ఎకినోసైట్. రక్తం నిలవున్నా, ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఎక్కువై రక్తం తక్కువైనా, స్మియర్ నెమ్మదిగా ఆరినా మంచి కణాలే అలా మారిపోతాయి.

గరివిడి వెటర్నరీ విద్యార్థి:
మాకు క్లాసులో రెండింటినీ ముళ్ల కణాలనే అన్నారండీ.

గజపతినగరం పశువైద్యుడు:
అందుకే తెలుగులో ఆ ఒక్క మాటతో సరిపెట్టొద్దంటాను. రాజాం గారూ, మీకు కనిపించింది పల్లేరా, ఉమ్మెత్తా?

రాజాం ల్యాబ్:
మళ్లీ చూశాను. ఉమ్మెత్తే! చుట్టూ సమానంగా ఉన్నాయి. ఆ మందుండే రెండు మిల్లీల ఊదా మూత ట్యూబులో రక్తం అడుగున అర మిల్లీ కూడా లేదు.

గజపతినగరం పశువైద్యుడు:
తాజాగా తీయించండి, ట్యూబు గీత దాకా నింపండి. స్మియర్ వేసిన వెంటనే గాలికి ఊపి ఆరబెట్టండి. సన్నగొట్టంలో రక్తం పోసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో) చూడండి. మేక కణాలు చిన్నవి, త్వరగా అడుగుకు దిగవు కాబట్టి మనుషుల రక్తం కన్నా ఎక్కువసేపు తిప్పాలి. 22 నుంచి 38 శాతం మామూలు.

బొబ్బిలి జీవాల పెంపకం:
రెప్ప చూశారా?

రాజాం ల్యాబ్:
ఇప్పుడే చూశాం. తెల్లగా ఉంది, దవడ కింద కూడా మెత్తగా తగులుతోంది. కొత్త స్లైడులో ముళ్లు దాదాపు పోయాయి, కొన్ని వంకర కణాలు మాత్రం ఉన్నాయి. పీసీవీ 17.

గజపతినగరం పశువైద్యుడు:
అయితే రక్తహీనత నిజమే. పెంటికలు పరీక్ష చేయించండి, కాక్సీడియా (పేగుల్లో చేరే కంటికి కనపడని పరాన్నజీవి) కూడా చూడమనండి. ఆకారాల మీద ఇంకేమీ రాయకండి. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

బొబ్బిలి జీవాల పెంపకం:
నట్టల మందు పిల్ల బరువు తూచి పట్టమనండి. కంటి లెక్కన పడితే తక్కువవుతుంది, పురుగు చావదు.

రాజాం ల్యాబ్:
ఫోన్ చేశారు, బండి బయల్దేరిందట. థాంక్స్ అండీ, ల్యాబ్ మూసేస్తున్నా.