బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకు: డిస్క్‌ను లేత్ పట్టించాలా, కొత్తది వేయాలా?

నాలుగుచక్రాలు:
90 కి.మీ. వేగంలో మెల్లగా బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కాలికింద కొడుతోంది. తొక్కకపోతే బండి నున్నగా పోతోంది కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ తేడా కాదు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు (డిస్క్‌ను నొక్కి పట్టే బిళ్లలు) 6 మి.మీ. మందం ఉన్నాయి. డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) వంగింది, లేత్ పట్టిస్తే (యంత్రం మీద తిప్పి పైపొర చెక్కిస్తే) చాలని కొందరు, లేత్ దండగని కొందరు అంటున్నారు. ఏది నిజమండీ?

లేత్‌పక్షం:
మందం ఉంటే లేత్ చాలు. కనిష్ఠ మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. ఉదాహరణకు అది 20 మి.మీ. అనుకోండి, మీ డిస్క్ 21.4 ఉందనుకోండి. పక్కకు 0.3 తీసినా 20.8 మిగులుతుంది. తీసేది రెండు ముందు చక్రాలకూ తీయాలి. ఒక్కదానికే తీస్తే బ్రేక్ ఓ పక్కకు లాగే ప్రమాదం ఉంది.

కొత్తడిస్క్:
ఆ 0.8 ప్యాడ్లు అరిగేలోపే పోతుంది. పైగా పలచబడ్డ డిస్క్ తొందరగా వేడెక్కుతుంది. నీలం మచ్చలు పడ్డ డిస్క్‌ను అసలు ముట్టుకోవద్దు. అక్కడ ఇనుము గట్టిపడిపోయి ఉంటుంది. లేత్ పట్టినా చుట్టూ ఉన్న మెత్తని భాగమే ముందు అరుగుతుంది, మచ్చ మళ్లీ పైకి తేలుతుంది. కొత్త జత వేయడమే మందు.

హబ్‌చెక్:
ఇద్దరూ జబ్బును వదిలి మందు గురించి కొట్లాడుతున్నారు. డిస్క్ నిజంగా వంగడం అరుదు. ఎక్కువ సార్లు జరిగేది ఇదీ: హబ్ (డిస్క్, చక్రం బిగించే గుండ్రటి భాగం) ముఖం మీద తుప్పు పొర ఉంటుంది, లేదా ఎయిర్ గన్‌తో నట్లు ఎక్కువతక్కువలుగా బిగిస్తారు. డిస్క్ కాస్త వాలుగా కూర్చుంటుంది. బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటుంది. అలా కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ చోటు పలచబడుతుంది. మందంలో తేడా 0.02 మి.మీ. దాటితే చాలు, బ్రేక్ వేసినప్పుడు పిస్టన్ (ప్యాడ్‌ను డిస్క్ మీదికి నెట్టే భాగం) ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపే బ్రేక్ ఆయిల్ గుండా పెడల్‌కు వస్తుంది. తుప్పు గీకకుండా కొత్త డిస్క్ వేస్తే అదీ ఇదే దారి పడుతుంది.

కాబట్టి ముందు కొలవండి. చక్రం తీసి, మైక్రోమీటర్‌తో (మందం కచ్చితంగా కొలిచే సాధనం) డిస్క్ చుట్టూ 8 చోట్ల, అంచుకు 10 మి.మీ. లోపల మందం చూడండి. తర్వాత అన్ని నట్లతో డిస్క్‌ను హబ్‌కు బిగించి, డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే సాధనం) పెట్టి చేత్తో తిప్పండి. చాలా కార్లకు ఊగు (తిరిగేటప్పుడు డిస్క్ పక్కలకు జరిగే దూరం) 0.05 నుంచి 0.1 మి.మీ. లోపు ఉండాలి, మీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఖాయం. దాటితే ఊగు ఎక్కువున్న చోట డిస్క్ మీదా, ఎదురుగా హబ్ మీదా సుద్దతో గుర్తు పెట్టండి. డిస్క్ విప్పి, హబ్‌ను తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, డిస్క్‌ను రెండు బోల్టుల దూరం తిప్పి మళ్లీ బిగించి కొలవండి. ఊగు డిస్క్ గుర్తుతో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది. హబ్ గుర్తు దగ్గరే నిలిస్తే హబ్‌దో బేరింగ్‌దో.

లేత్‌పక్షం:
ఇది ఒప్పుకుంటాను. అందుకే బండి మీదే, హబ్‌తో సహా తిప్పి కోసే లేత్ ఉంటే అదే మేలు. అయినా మందం తేడా ఒక్కటే ఉండి, డిస్క్‌కు మార్జిన్ (కనిష్ఠ మందం కంటే పైన మిగిలినది) ఉంటే కొత్తది కొనమనడం నాకు నచ్చదు.

కొత్తడిస్క్:
మార్జిన్ 1 మి.మీ. కంటే తక్కువైతే నా మాట మారదు. ఏది చేసినా నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తోనే (బిగింపు బలం కొలిచే పానా) బిగించండి.

నాలుగుచక్రాలు:
కొలిచి చూస్తాను. మరి పొద్దున్నే మొదటి బ్రేకులకు వచ్చే గరగర కూడా దీనిదేనా?

హబ్‌చెక్:
కాదు. రాత్రి తేమకు డిస్క్ మీద పట్టే పల్చటి తుప్పు అది, నాలుగు బ్రేకులకు పోతుంది. బండి వెళ్తుంటే సన్నగా కీచుమని, బ్రేక్ తొక్కగానే ఆగిపోయే శబ్దం వేరు. అది తరచుగా ప్యాడ్‌కున్న రేకు డిస్క్‌ను తాకుతున్న శబ్దం, ప్యాడ్లు అయిపోవస్తున్నాయని అర్థం. మీవి 6 మి.మీ. ఉన్నాయంటున్నారు, ఆ కొలత బయటి ప్యాడ్‌దేనా? లోపలిదీ చూడండి. రెండింటికీ తేడా 2 మి.మీ. దాటితే కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని ఉండే భాగం) పిన్నులో పిస్టనో బిగిసినట్టే. అప్పుడు ముందు వాటిని తీసి శుభ్రం చేయాలి, డిస్క్ సంగతి తర్వాత. ఇక ఇనుము ఇనుముకు రాసుకునే మొరటు గరగర తొక్కిన ప్రతిసారీ వస్తుంటే బండి తీయకండి, టో చేయించండి.