పాలు పొంగకుండానే కేకలు పెడుతున్న చిలుక, మీ ఇళ్లలోనూ ఇంతేనా?

సుజాత_కేఆర్‌పురం
మా ఆఫ్రికన్ గ్రే చిలుక బుజ్జికి ఏడేళ్లు. అమ్మ నెల్లూరు నుంచి వచ్చి నెల రోజులుండి వెళ్లింది. ఆవిడ గొంతు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. నేను మీటింగ్‌లో కూర్చున్నానో లేదో, "పాలు పొంగుతున్నాయ్ మే!" అని అచ్చం అమ్మలాగే కేక. పరుగెత్తుకెళ్తే స్టవ్ మీద గిన్నే లేదు! వెనక్కి వచ్చేసరికి మెడ గోకమని తల వంచుకుని రెడీగా ఉంటుంది. మామూలుగా పిలిస్తే "ఉండవే" అంటాను కదా, ఈ మాటకైతే లేచి తీరతానని కనిపెట్టేసింది. దానికి అర్థం తెలిసే అంటోందంటారా?

వేణు_బీటీఎం
పాలంటే ఏంటో తెలుసో లేదో గానీ, మీరు లేస్తారని మాత్రం బాగా తెలుసండీ. అమెరికాలో శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ గారు 1977లో కొన్న అలెక్స్ కూడా ఈ జాతే. 2007లో చనిపోయేదాకా ఆవిడ దానితో పరిశోధన చేశారు. సుమారు వంద మాటలు వచ్చు దానికి. అరటిపండు అడిగినప్పుడు వేరేది ఇస్తే ఊరుకునేది కాదట, మళ్లీ అరటిపండే అడిగేదట.

మా చిన్న చిలుక కాకటీల్‌కి మాటలు రావు, చేతలే. మా పంజరం తలుపు పైకి జరిపే రకం. ముక్కుతో ఒక కమ్మీ పట్టి పైకి లాగుతుంది, జారిపోకుండా కాలితో నొక్కి పెడుతుంది, ముక్కు కింది కమ్మీకి మారుస్తుంది. అలా సందు చేసుకుని బయటికొచ్చి నేరుగా నా కీబోర్డు దగ్గరికే. ఇప్పటికి మూడు బటన్లు పీకింది. బట్టల క్లిప్పు పెడితే ఒక్క పూటలో తీసేసింది. ఇప్పుడు కీచైన్లకుండే స్ప్రింగు కొక్కెం పెట్టాను, దాన్ని ఇంకా గెలవలేదు.

అరుణ_యలహంక
సుజాత గారూ, కేక వేయగానే పరుగెత్తకండి, తిట్టనూ వద్దు. తిట్టినా దానికి జవాబు దొరికినట్టే. పని కల్పించండి. గింజలు తెల్ల కాగితంలో పొట్లాలు కట్టి, అట్టపెట్టెలో దాచి ఇవ్వండి, వెతుక్కుంటుంది. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాత్రం మాడనివ్వకండి, ఆ పొగకి పక్షులు నిమిషాల్లో చనిపోతాయి. ఇది ఎవరికైనా చెప్పకుండా ఉండలేను.

కిరణ్_హెబ్బాళ
ఇవన్నీ చదివాక నాకూ ఒక రామచిలుకని తెచ్చుకోవాలనుంది అక్కా.

అరుణ_యలహంక
మన రామచిలుక వద్దు తమ్ముడూ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం. గూళ్లలోంచి పిల్లల్ని లాక్కొచ్చి అమ్ముతారు.

సుజాత_కేఆర్‌పురం
ఐదు రోజులైంది. పొట్లాలిస్తే నలభై నిమిషాలు చప్పుడే లేదు, థాంక్సండీ! నిన్న అమ్మ వీడియో కాల్ చేసింది. ఆ గొంతు వినగానే బుజ్జి ఫోన్ దగ్గరికొచ్చి "పాలు పొంగుతున్నాయ్ మే!" అంది. అమ్మ ఫోన్ అక్కడే పెట్టేసి, నెల్లూరులో తన స్టవ్ చూసుకొచ్చింది.