వచ్చే నెల గుంటూరు వైపు శిశుగృహలో మా పాపని మొదటిసారి కలవబోతున్నాం, మీ అనుభవాలు చెప్పండి

భవానీపురం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ భవానీపురం, 12 ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా, గుంటూరు వైపు ఒక శిశుగృహలో ఉన్న రెండున్నరేళ్ల పాపని దత్తత తీసుకోమని రిఫరల్ వచ్చింది. అభ్యంతరం లేదని కారా ఇచ్చే ఎన్‌వోసీ కూడా అయిపోయింది, టికెట్లు తీసుకున్నాం. ఇప్పటికి మూడుసార్లు వీడియో కాల్‌లో చూశాం. మొదటి రెండుసార్లు ఫోను వైపు చూడనే లేదు. మూడోసారి మావారు బొమ్మ కుక్కని ఆడిస్తే కాసేపు చూసి, ఆ కుక్క ఫోను వెనక ఉందేమోనని ఫోను తిప్పి చూసింది. అప్పట్నుంచి నాకు అదే కళ్లముందు ఉంది.

పేపర్ల సంగతి ఏజెన్సీ వాళ్లు చెప్తున్నారు. నాకు కావాల్సింది వేరే. ఆ గదిలోకి వెళ్లాక ఏం చెయ్యాలి? వెళ్లగానే ఎత్తుకోవచ్చా? ఏడిస్తే? మా అత్తగారు, ఆడపడుచులు, మా అన్నయ్య వాళ్లు అందరూ వస్తామంటున్నారు, వద్దనడానికి నాకు నోరు రావట్లేదు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

కొరిటెపాడు కోడలు:
మీ టెన్షన్ నాకు బాగా తెలుసండీ. మాది గుంటూరు, ఉండేది న్యూజెర్సీలో. మేము బాబుని తెచ్చుకున్నది మన దేశం నుంచి కాదు, కొలంబియా నుంచి. అక్కడ దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీబీఎఫ్. బాబుకి అప్పటికి 5 ఏళ్లు. మొదటిసారి కలిసే రోజుని వాళ్లు 'ఎన్‌క్వెంత్రో' అంటారు, కలయిక అని. అంతకు ముందే మమ్మల్ని ఒక ఫొటోల ఆల్బమ్ పంపమన్నారు. మా ఇల్లు, వాడికోసం కొన్న మంచం, కొరిటెపాడులో మా అత్తమామలు, పెరట్లో జామచెట్టు, అన్నీ పెట్టి పంపాం.

బొగోతా ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలి. వాడు స్వెట్టర్ వేసుకుని ఆ ఆల్బమ్ చంకలో పెట్టుకుని వచ్చాడు. మా వైపు చూడలేదు. ఆల్బమ్ తెరిచి, ఫొటోలో మావారి మొహం మీద వేలు పెట్టి, తలెత్తి ఆయన్ని చూసి, మళ్లీ ఫొటో చూసి 'పపా' అన్నాడు. ఆయన కళ్లనీళ్లు ఆపుకోలేకపోయారు. ఈలోపు వాడు పేజీ తిప్పి జామచెట్టు చూపించి నన్నేదో అడిగాడు. నాకు వచ్చిన స్పానిష్‌కి అది అందలేదు. పక్కనున్న ఆవిడ చెప్పింది, ఆ చెట్టు ఎక్కనిస్తారా అని అడుగుతున్నాడట.

ఆ రోజు, మర్నాడు హాయిగానే ఉన్నాడు. మూడో రోజు రాత్రి లేచి, బూట్లు వేసుకుని, తలుపు దగ్గర కూర్చుని ఏడుపు. పెంచినావిడ పేరే పిలుస్తున్నాడు. మావారు ఏమీ మాట్లాడకుండా వాడి పక్కనే నేల మీద కూర్చున్నారు, తెల్లారేదాకా. అందుకని మొదటి రోజు ఎలా గడిచినా దాన్నిబట్టి ఏమీ అనుకోవద్దు. ఇప్పుడే ఒక ఆల్బమ్ పంపండి, ఆ బొమ్మ కుక్క ఫొటో మొదటి పేజీలో పెట్టండి.

సత్యనారాయణపురం నాన్న:
పేపర్ల గురించి ఒక్క మాట, తెలిసినవాళ్లు వదిలేయండి. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టర్. ఎన్‌వోసీ వచ్చింది కాబట్టి ఉత్తర్వు రాకముందే ఫోస్టర్ కేర్ కింద పాపని మీ దగ్గర ఉంచుకునే వీలుంది, తప్పకుండా అడగండి. ఉత్తర్వు వచ్చాక జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, దత్తత అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే కన్ఫర్మిటీ సర్టిఫికెట్, తర్వాత వీసా. మీరు అమెరికా పౌరులైతే ఇక్కడే దత్తత పూర్తయిన పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా మీద అక్కడ అడుగుపెట్టగానే పాపకీ పౌరసత్వం వచ్చేస్తుంది.

తిరుగు టికెట్ మాత్రం తేదీ మార్చుకునేది కొనండి. మాకు పేరులో ఒక్క అక్షరం తేడా పడి మూడు వారాలు ఆగిపోయాం. ఆఫీసుల చుట్టూ తిరుగుతూ చాలా కోపం వచ్చింది. కానీ ఆ మూడు వారాలు మా అమ్మ వాళ్లింట్లో గడిచాయి, బాబు నా చేతి అన్నం తినడం మొదలుపెట్టింది అక్కడే.

బ్రాడీపేట బామ్మ:
అమ్మా, ఈ విషయంలో నేను తప్పు చేశాను, అందుకే రాస్తున్నాను. మా అబ్బాయి, కోడలు జర్మనీ నుంచి వచ్చి పాపని తీసుకుని నేరుగా బ్రాడీపేట ఇంటికి వచ్చారు. నేను గుమ్మానికి తోరణం కట్టించి, ఎర్రనీళ్లతో దిష్టి తీసి, ఇరవై మందిని పిలిచాను. ఒకరి చేతిలోంచి ఒకరు ఎత్తుకున్నారు. పిల్ల ఏడవలేదు, ఎవరెత్తుకుంటే వాళ్ల చేతిలో కదలకుండా ఉంది. కొత్తే లేదు, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను.

ఆ రాత్రి ఒళ్లు కాలిపోయే జ్వరం. తడిగుడ్డ పెడదామని కోడలు పిడికిలి విప్పితే అందులో పొద్దున శిశుగృహలో పెట్టిన ఇడ్లీ ముక్క ఉంది. నలిగి, ఎండి, వేళ్లకి అతుక్కుపోయి ఉంది. రోజంతా ఇంటినిండా మనుషులం, ఒక్కరం ఆ చెయ్యి చూడలేదు.

తర్వాత ఎవ్వర్నీ రానివ్వలేదు. నేనూ పిలవడం మానేశాను. రోజూ వంటింటి గుమ్మంలో చేటలో బియ్యం పోసుకుని ఏరుకుంటూ కూర్చునేదాన్ని. నాలుగో రోజు తనే వచ్చి చేటలో చెయ్యి పెట్టింది. మీ అత్తగారికి ఇది చదివి వినిపించమ్మా. ఆవిడ అర్థం చేసుకుంటారు.

ఆయమ్మ:
నేను ఒక శిశుగృహలో తొమ్మిదేళ్లు ఆయాగా చేశాను. ఏ ఊరో చెప్పను. మా అమ్మాయి రాసిపెడుతోంది.

అక్కడ పిల్లలు మమ్మల్నందర్నీ అమ్మ అనే పిలుస్తారు. పగలు డ్యూటీలో ఒక అమ్మ, రాత్రి డ్యూటీలో ఒక అమ్మ. మీ పాప మొదటి రోజే మిమ్మల్ని అమ్మా అని పిలవచ్చు. మీరనుకునే అర్థం ఆ మాటకి అప్పటికింకా ఉండదు. బాధపడకండి, వస్తుంది.

మేమంతా ఆడవాళ్లమే కాబట్టి మా పిల్లల్లో చాలామందికి మగవాళ్ల గొంతు కొత్త. మీవారిని చూసి దాక్కుంటే ఆయన్ని వెంటపడొద్దనండి, కింద కూర్చోమనండి. నిలబడిన మనిషిలో పిల్లకి కనిపించేది కాళ్లే.

వెళ్లిన రోజే తెచ్చేసుకోవాలని తొందరపడొద్దు. ఒప్పుకుంటే రెండు మూడు రోజులు అన్నం వేళకి వెళ్లి కూర్చోండి. ఎంత మెత్తగా కలుపుతున్నారో, స్నానం ఎప్పుడు పోస్తున్నారో, ఎలా నిద్రపుచ్చుతున్నారో చూడండి. నేనైతే జోకొట్టేదాన్ని కాదు, చెవి వెనక నిమిరేదాన్ని. అది తెలియకపోతే మీరు రాత్రంతా జోకొడుతూనే ఉంటారు. పదిమంది పిల్లల మధ్య పడుకున్న పిల్లకి చీకటిగదిలో నిశ్శబ్దం అంటే భయం, ఓ చిన్న లైటు ఉంచండి. కొత్త గౌను వేశాక పాత బట్టలు అక్కడే వదిలేసి వెళ్తారు చాలామంది. ఒక జత, కప్పుకునే దుప్పటి అడిగి తీసుకోండి. ఉతకొద్దు.

ఇంకోటి చెప్పాలి. పది నెలల వయసులో వచ్చిన బాబుని మూడేళ్లు నిండేదాకా చూసుకున్నాను. తీసుకెళ్లే రోజు నేనుంటే ఏడుస్తాడని నాకు సెలవిచ్చారు. మర్నాడు వెళ్లేసరికి మంచం ఖాళీ. వాడికి ఒక్క మాట చెప్పి పంపలేకపోయాను. ఆ దేశంలో నన్ను ఎన్నాళ్లు వెతుక్కున్నాడో. మీ పాపని చూసుకునే ఆయమ్మ ఎవరో కనుక్కోండమ్మా. ఆమె చేతులతోనే మీ చేతికి ఇప్పించుకోండి. ఈమె మీ అమ్మ, వెళ్లి రా తల్లీ అని ఆమే చెప్పాలి. పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఒప్పుకుంటే ఆమెతో ఒక ఫొటో తీసుకోండి.

కొరిటెపాడు కోడలు:
ఆయమ్మ గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పెంచినావిడ కోసం అలా పిలుస్తూ ఏడ్చింది మా బాబే. భవానీపురం అమ్మాయి గారూ, చుట్టాలు పాప పుట్టుక గురించి అడుగుతారు. ఎవరికీ ఏమీ చెప్పకండి. అది పాప విషయం, పెద్దయ్యాక మీ దగ్గర మొదట వినాల్సింది తనే.

భవానీపురం అమ్మాయి:
ఐదు వారాలైంది, ఇవాళ రాస్తున్నాను. పాప భవానీపురంలో మా దగ్గరే ఉంది, ఫోస్టర్ కేర్ ఇచ్చారు, ఫైలు కలెక్టర్ గారి ఆఫీసులో ఉంది.

బామ్మగారి మాటలు మా అత్తగారికి వినిపించాను. ఆవిడే అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పారు. మేమిద్దరమే వెళ్లాం. మొదటి రోజు పాప ఆయమ్మ కొంగులో తల పెట్టుకుని నా కాలి మెట్టె వైపే చూస్తూ కూర్చుంది. రెండో రోజు దగ్గరికి వచ్చి దాన్ని తిప్పింది. నేను కదల్లేదు. మావారు గోడకి ఆనుకుని కింద కూర్చుని, బొమ్మ కుక్కని తన మోకాలి మీదే ఆడించుకుంటూ ఉన్నారు.

మూడో రోజు ఆయమ్మే మా చేతికి ఇచ్చింది. గుంటూరులో మొదలైన ఏడుపు కాజ టోల్‌ప్లాజా దాకా ఆగలేదు. అక్కడ వాంతి చేసుకుంది, అలవాటు లేని కారు ప్రయాణం. తర్వాత నిద్రపోయింది, నా ఒడిలో కాదు, వాళ్ల నాన్న ఒడిలో. నాకు కొంచెం మనసు చివుక్కుమంది, అబద్ధం ఎందుకు చెప్పడం.

ఇప్పుడు నా దగ్గర తింటోంది. నిద్ర మాత్రం ఆ దుప్పటి ఉంటేనే. నిన్న ఆయమ్మకి వీడియో కాల్ చేశాం. మాట్లాడుతున్నంతసేపూ నవ్వింది. కాల్ అయిపోగానే ఫోను తిప్పి వెనక చూసింది. మంచం కింద చూసింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాచింది. ఎత్తుకుంటే చాలాసేపు ఏడ్చింది. ఇలా కాల్ చేయించడం మంచిదేనా, మానేయమంటారా? ఆయమ్మ గారూ, మీరే చెప్పాలి.

ఆయమ్మ:
మానొద్దమ్మా. ఏడుపొస్తే నీ దగ్గరికే వచ్చిందిగా. గుంటూరు ఎంత, 35 కిలోమీటర్లు. విమానం ఎక్కేలోపు శిశుగృహ వాళ్లనడిగి ఒకసారి తీసుకెళ్లి చూపించండి. బయల్దేరేముందే, సాయంత్రం మనం మళ్లీ మనింటికి వచ్చేస్తాం అని పాపకి చెప్పండి. దారిలో కూడా చెబుతూ ఉండండి. కారులో ఒక కవరు, మంచినీళ్లు పెట్టుకోండి.