సందేహం తీరకముందే దేవునికి లోబడటం వేషధారణ అవుతుందా?

ప్రశ్న

అందరికీ వందనాలు. నేను చిన్నతనం నుండి విశ్వాసంలోనే పెరిగాను. మా అమ్మ 11 నెలలు మంచాన పడి ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థించాము. అయినా ఆమె మాకు దక్కలేదు. అప్పటి నుండి మోకరించిన ప్రతిసారీ ఈ మాటలు వినేవాడు అసలు ఉన్నాడా అన్న అనుమానం తొలుస్తోంది. అమ్మ వైద్యానికి చేసిన అప్పు విషయంలో మా తమ్ముడికీ నాకూ మాటా మాటా పెరిగి, రెండేళ్లుగా పలకరింపులు లేవు. అర్పణను బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మాత్రం నన్ను వదలడం లేదు. మొన్న రాత్రి ఫోన్‌లో వాడి పేరు దాకా వెళ్లి, చాలాసేపు దానినే చూస్తూ కూర్చుని, చివరకు ఫోన్‌ను బోర్లించి పెట్టేశాను. ఆజ్ఞ ఇచ్చినవాని మీదే నమ్మకం ఊగిసలాడుతున్నప్పుడు, ఆ ఆజ్ఞ ప్రకారం నడవడం వేషధారణ కాదా?

జవాబు 1

లూకా సువార్త 5వ అధ్యాయంలో పేతురు పరిస్థితిని ఒకసారి నిదానంగా చూడండి. రాత్రంతా కష్టపడినా ఒక్క చేప పడలేదు, తెల్లవారాక జాలరులు వలలు కడుగుతున్నారు. కడుగుతున్న వలను మళ్లీ నీటిలో దించడమంటే ఆ పని మళ్లీ మొదటి నుండి చేసుకోవడమే. పైగా చేపల సంగతి తెలిసినవాడు పేతురు, మళ్లీ వల వేయమని చెబుతున్న యేసు వడ్రంగి. అతడు తన సందేహాన్ని దాచలేదు, రాత్రంతా ఏమీ దొరకలేదని ముఖం మీదే చెప్పి, అయినా నీ మాట చొప్పున వేస్తానన్నాడు. చేపలు పడతాయని నమ్ముతున్నానని అతడు అనలేదని గమనించండి. వేషధారణ అంటే లేని నమ్మకాన్ని ఉన్నట్టు చూపించడం. నమ్మకం తక్కువగా ఉందని ఒప్పుకుంటూనే చెప్పిన పని చేసేవాడు ఏ వేషమూ వేయడం లేదు.

జవాబు 2

క్షమించాలి, ఇంత తేలికగా తీసుకోవడం మంచిది కాదు. సందేహించేవాడు గాలికి ఎగిరిపడే సముద్ర తరంగం వంటివాడని, ప్రభువు వలన తనకేమైనా దొరుకుతుందని అతడు తలంచకూడదని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలోనే రాశాడు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న దూత మాట నమ్మనందుకు యాజకుడైన జెకర్యా మూగవాడయ్యాడు. సందేహాన్ని బుజ్జగిస్తూ పోతే అది మనలో కాపురం పెడుతుంది.

జవాబు 3

పై సహోదరుడు ఎత్తిన వాక్యాన్ని పక్కన పెట్టలేము, కానీ దానిని ఇంకొంచెం ముందుకు చదవాలి. యాకోబు అదే చోట అలాంటివాడిని ద్విమనస్కుడంటాడు, ఆ మాటనే 4వ అధ్యాయంలో మళ్లీ వాడినప్పుడు చేతులను శుభ్రం చేసుకోమని, హృదయాలను పరిశుద్ధపరచుకోమని చెబుతాడు. అంటే ఆయన గద్దిస్తున్నది ప్రశ్న ఉన్నవాడిని కాదు, దేవుడూ కావాలి లోకమూ కావాలి అని రెండు వైపులా కాళ్లు పెట్టినవాడిని అని నాకు తోస్తోంది. జెకర్యా సంగతికి వస్తే, అతని నోరు మూతపడింది గాని వాగ్దానం రద్దు కాలేదు. చుట్టాలందరూ వేరే పేరు పెట్టబోతుంటే అతడు పలక అడిగి, దూత చెప్పినట్టే యోహాను అని రాశాడు, నోరు ఆ తరువాతే తెరుచుకుంది. మార్కు 9వ అధ్యాయంలోని తండ్రి నమ్ముతున్నాననీ, తన అపనమ్మకానికి సహాయం చేయమనీ ఒకే ఊపిరిలో మొరపెట్టాడు. అపనమ్మకం పూర్తిగా పోయాక రమ్మని ప్రభువు అతణ్ణి వెనక్కి పంపలేదు, కొడుకును బాగుచేశాడు.

ప్రశ్న అడిగినవారికి మరొక మాట. మీది వాదంతో పుట్టిన సందేహం కాదు, దుఃఖంతో పుట్టినది. 88వ కీర్తన ఆశ కలిగించే ఒక్క ముగింపు వాక్యం కూడా లేకుండా చీకటి మాటతోనే ఆగిపోతుంది, అయినా అది ప్రార్థనల మధ్యనే ఉంది. మదర్ థెరిసా మరణించిన పదేళ్లకు, 2007లో ప్రచురితమైన ఆమె లేఖలలో దేవుడు తనకు దూరమైపోయినట్టు అనిపించిన దశాబ్దాల చీకటి కనిపిస్తుంది. ఆ ఏళ్లన్నిటా ఆమె పేదల సేవ మానలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: దేవుని పేరు చెప్పి మనుషులు పెట్టే ప్రతి ఆజ్ఞకూ ఈ విధేయత వర్తించదు, అక్కడ సందేహమే మనల్ని కాపాడుతుంది. మీ ముందున్న ఆజ్ఞ అటువంటిది కాదు. దానిలో అర్థం కానిదేమీ లేదు, కష్టం మాత్రమే ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వలలు కడగడం గురించిన మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. మూడుసార్లు మోగాక తమ్ముడే ఎత్తాడు, కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు, తరువాత అన్నం తిన్నావా అని వాడే అడిగాడు. అప్పు ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. ప్రార్థన మాత్రం ఇంకా మునుపటిలాగే పొడిగా ఉంది. ఆదివారం వాడి ఇంటికి వెళుతున్నాను.