హాబిస్, ఆరియా: ఈ మాటలు ఏ భాషవి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా బావమరిది గల్ఫ్‌లో ఆయిల్ రిగ్గులు కట్టే యార్డులో రిగ్గర్, అంటే క్రేన్‌కి బరువులు కట్టి ఎత్తించే పనివాడు. సోంపేట వైపు కుర్రాడు. మొన్న సెలవుకి వచ్చి, మా డాబా మీదికి సిమెంటు బస్తాలు తాడేసి లాగిస్తూ, పైవాళ్ళని "హాబిస్, హాబిస్" అని అదిలించాడు. ఉత్త తాడు దించాల్సి వస్తే "ఆరియా" అని కేక. ఏ భాషరా ఇది అంటే, "యార్డు భాష బావా" అన్నాడు. నా దగ్గరున్న నిఘంటువుల్లో లేవు. పెద్దలు తేల్చాలి.

జవాబు:
హాబిస్ అంటే ఆఫీస్ అయ్యుంటుంది. పైవాళ్ళంతా ఉండేది అక్కడే కదా!

జవాబు (యార్డు నుంచి):
నవ్వులాట కాదు మాస్టారూ, మా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు ఒకాయన అచ్చం అలాగే అనుకున్నాడు. రిగ్గర్ "హాబిస్" అనగానే చేతిలో కాగితాలు సర్దుకుని ఆఫీసు వైపు నడిచాడు. ఇంకోరోజు "ఆరియా" అని కేకేస్తే "ఏ ఏరియా?" అని అడిగాడు. హాబిస్ అంటే పైకెత్తు, ఆరియా అంటే కిందికి దించు. అంతే.

పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలెట్టే ముందు జరిగే జాగ్రత్తల ముచ్చట్లో, సేఫ్టీ ఆఫీసర్ ఇంగ్లీషులో చెప్తాడు: రేడియోలో హాయిస్ట్, లోయర్, స్టాప్ తప్ప వేరే మాట వినపడకూడదని. అందరం తలూపి సంతకాలు పెడతాం. ఆ పైన లిఫ్టింగ్ ప్లాన్, దానికో పర్మిట్, గాలి వేగం ఎంతో చూసుకోవడం, స్లింగులకి (బరువుని క్రేన్‌కి తగిలించే తాళ్ళకి) తనిఖీ గుర్తుగా మూణ్ణెల్లకోసారి మారే రంగు సరిపోయిందో లేదో చూసుకోవడం. ఇన్ని కాగితాలూ దాటుకుని పైపు గాల్లోకి లేచేసరికి టీ టైమ్ అవుతుంది.

ఇక అసలు పని. క్రేన్‌కి వేలాడుతున్న పైపు ఫ్లాంజికీ (బోల్టులు బిగించే చివరి చక్రానికీ), కింద దాని జత ఫ్లాంజికీ మధ్య బొటనవేలంత సందు. బోల్టు కన్నాలు కలవాలి. ఒకడు తాడు బిగబట్టి పైపు తిరగకుండా చూస్తుంటాడు. ఇంకొకడు మొనదేలిన స్పానర్ తోక కన్నంలో దూర్చి, ఒక కన్ను మూసి చూస్తుంటాడు. రేడియోలో వినపడేది ఇది: "ఆరియా... చిన్న ఆరియా... ఇంకా చిన్న ఆరియా... బస్!" ఆ చిన్న ఆరియా ఎన్ని మిల్లీమీటర్లో ఏ డ్రాయింగులోనూ ఉండదు. ఆపరేటర్ చేతికి తెలుసు. ఆయన బీహారీ, రిగ్గర్ది శ్రీకాకుళం, ఫోర్‌మన్ మలయాళీ. వెనక నిలబడి రాసుకునే క్లయింటు మనిషి స్కాట్లాండు వాడు. ఆయనా ఇప్పుడు "చిన్న" అంటున్నాడు.

జవాబు:
ఆరియా పోర్చుగీసు మాట. వాళ్ళ 'అర్రియార్' అంటే తెరచాపో జెండానో తాడు వదులుతూ దించడం. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరవాత మన తీరాల్లో తిరిగిన ఓడల మీద అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ, పోర్చుగీసు కలిసి లస్కరీ అనే నావికుల భాష ఒకటి తయారైంది. థామస్ రోబక్ అనే సైనికాధికారి ఈ నావికుల హిందుస్తానీ మాటలకి నిఘంటువు కూర్చి 1811లో కలకత్తాలో అచ్చు వేయించాడు. తెరచాపలు పోయాయి, మాట క్రేన్ ఎక్కింది. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. మన మేస్త్రీ వాళ్ళ 'మెస్త్రె'యే. అలమారా, ఇస్త్రీ, బొత్తాం, అన్నీ ఆ ఓడలు దిగినవే. గోదావరి లాంచీ సరంగు మాత్రం పారశీకం వాడు.

జవాబు (విశాఖ నుంచి):
ఇందులో గల్ఫ్ గొప్పేముంది? మా కళాసీలు పోర్టులో ఎప్పట్నుంచో అంటున్నదే. గల్ఫ్‌కి ఎగుమతి చేసింది మనమే అనుకోండి.

జవాబు (యార్డు నుంచి):
ఒప్పుకున్నాం. కానీ ప్రశ్నలో "రిగ్గులు కట్టే" అన్నారు, దానికీ ఓ సవరణ. రిగ్గు బావి తవ్వి ఇంకో చోటికి పోతుంది. 1974లో ముంబయి హైలో చమురు కనుక్కున్న సాగర్ సమ్రాట్ అలాంటిది. ఈ యార్డులో కట్టేవి ఎక్కువగా ప్లాట్‌ఫారాలు, అవి ఏళ్ళ తరబడి కదలకుండా అక్కడే నిలబడి నూనె తీస్తాయి. అయినా ఊళ్ళో ప్లాట్‌ఫారం అంటే రైల్వే ఉద్యోగం అనుకుంటారు. పోనీ రిగ్గు అందామా అంటే, మనవైపు రిగ్గంటే తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు లారీ. మా అత్తగారైతే పెళ్ళిచూపుల్లోనే అడిగేశారు, "సముద్రం నిండా నీళ్ళే కదా నాయనా, మళ్ళీ బోరెందుకు?" అని.

జవాబు:
పనిలో పనిగా మీ 'పంచ్ లిస్ట్'కి కూడా తెలుగు మాట చెప్పండి. అప్పగించే ముందు క్లయింటు మిగిలిన లోపాలన్నీ రాసిచ్చే పట్టీ కదా అది? నేనైతే 'వంకల చిట్టా' అంటాను.

జవాబు (యార్డు నుంచి):
భేష్! లోపాలూ ఉంటాయి, వంకలూ ఉంటాయి. రంగు వేసిన మర్నాడే ఎలక్ట్రికల్ వాళ్ళొచ్చి కేబుల్ కోసం ఓ బ్రాకెట్ వెల్డింగ్ చేస్తారు, చుట్టూ రంగు మాడిపోతుంది. వంక మాత్రం పెయింటర్ పేరున పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా మా బావమరిదికి చదివి వినిపించాను. "పోర్చుగీసు అని మా సేఫ్టీ ఆఫీసర్‌కి మాత్రం తెలియనివ్వకు బావా, విదేశీ మాటకి వేరే పర్మిట్ పెడతాడు" అన్నాడు.