బాహుదా, చెయ్యేరు: ఏది ముందు పేరు?

ఒకే ఏటికి బాహుదా, చెయ్యేరు అని రెండు పేర్లున్నాయి కదా, వాటిలో ఏది ముందు వచ్చిందని పైన అడిగినాయనకు నా జవాబు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. బాహుదా అంటే బాహువులు ఇచ్చేది, దాన్నే తెలుగు చేసి చెయ్యేరు అన్నారని ఇక్కడ చాలామంది రాశారు. నాకది తలకిందులుగా కనిపిస్తోంది.

కథ తెలిసిందే. భారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు అన్న ఆశ్రమంలో అడక్కుండా పండ్లు తిన్నాడు, ఇది దొంగతనమే, రాజు దగ్గరికి పోయి శిక్ష వేయించుకో అన్నాడు అన్న, సుద్యుమ్నుడు చేతులు నరికించాడు, బాహుదలో మునిగితే మళ్లీ వచ్చాయి. సరే, ఆ నది ఏది? మా చిత్తూరు జిల్లా కాణిపాకంలో అడిగితే గుడి పక్క ఏరే అంటారు. మదనపల్లె వాళ్లు తమ ఊరి మీదుగా పారేదాన్నీ బాహుదా అనే పిలుస్తారు. ఈ రెండూ ఒక ఏరు కానే కాదండి! కాణిపాకం నీళ్లు పాలారు వైపు, అంటే తమిళనాడుకు పోతాయి. మదనపల్లె బాహుదా పించా అనే ఇంకో ఏటితో కలిసి చెయ్యేరై, నందలూరు సౌమ్యనాథుడి గుడి పక్కగా పోయి పెన్నలో పడుతుంది.

ఇంకో సంగతి. తిరువణ్ణామలై జిల్లాలోనూ ఒక చెయ్యార్ ఉంది, పాలారులో కలుస్తుంది. అక్కడ నరికిన చేతుల ఊసే లేదు. బాల మురుగన్ ఆడుకోడానికి పార్వతి పుట్టించిన ఏరు అంటారు, తమిళంలో సేయ్ అంటే బిడ్డ కాబట్టి. అక్కడ బిడ్డ, ఇక్కడ చెయ్యి! పేరు ముందే ఉంది, ఎవరి కథ వాళ్లు దానికి తగిలించుకున్నారు. నాకైతే చెందామర, చెంగలువ మాటల మొదట ‘చెం’గా ఉన్న ఎరుపే ఈ రెండు ఏళ్ల పేర్లకూ మూలమనిపిస్తుంది. ఎర్రనేలల మీద గట్టి వాన పడిన మర్నాడు ఏట్లోకి దిగే కొత్తనీళ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

2021 నవంబరు 19న ఈ చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు జనం నోట వచ్చింది చెయ్యేరే. బాహుదా పూజల్లో, స్థలపురాణాల్లో బతికే పేరు. అది తక్కువదని కాదు, వెనక వచ్చిందని నా వాదన.

కాణిపాకం, ఐరాల పక్క వాళ్లు ఎవరైనా ఉంటే మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ ఏటిని ఏమని పిలిచేవాళ్లో రాయండి. వట్టి ‘ఏరు’ అనేవాళ్లా, ఇంకేదైనా పాత పేరు ఉందా?